శిక్ష తగ్గింపు – దయయా, న్యాయమా?

వయోజనునిపై హత్యానేరము రుజువైనచో మలేషియాలో 2023 జూలై 3వ తేదీ వరకు న్యాయమూర్తి చేతిలో మరణశిక్ష తప్ప మరొకటి లేకుండెను. నేరస్థుని గతచరిత్ర, పేదరికము, పశ్చాత్తాపము ఎంత విన్నవించినను శిక్ష మారదు. మరునాటినుండి అమలులోనికి వచ్చిన చట్టము మరణశిక్షను తొలగింపలేదు. 30 మొదలు 40 సంవత్సరముల కారాగారమును ప్రత్యామ్నాయముగా నిచ్చినది. పూర్వమే మరణశిక్ష పడి, అప్పీళ్లన్నియు ముగిసిన ఖైదీలకు సైతము, శిక్షను పునఃపరిశీలింపుమని ఫెడరల్ కోర్టును కోరు అవకాశము అదే సంవత్సరము కలిగినది.

దీనిని దయ యని పలువురందురు. దయ యనునది తూచిన పిమ్మట తగ్గించునది. ఇచట మొదట తూచనే లేదు! దండమునకు ముందు దేశకాలములను, అపరాధి శక్తిని, అపరాధ స్వరూపమును చూడవలెనని మన ధర్మశాస్త్రములే చెప్పినవి. (అవి వర్ణమును కూడ చూచినవి, ఆ భాగమును విడువవలసినదే.)

అయితే ఏ కారణమునకు ఎంత బరువు? చెరలోని సత్ప్రవర్తన గొప్పగా కనబడును గాని, ఉరికంబము నీడలో నున్నవాడు వినయముగా నుండుటలో వింత లేదు. తనకే లాభమును లేనప్పుడు, పట్టుబడిన దినముననే, అతడు నిజము చెప్పెనా యనునది అంతకంటె బరువైనది. ముందుగా పన్నిన హత్యయా, క్షణికావేశమా, అందులో అతని పాత్ర యెంత యనునది మరింత బరువు. ఏలయనగా అది కాలముతో మారదు.

మరి హతుని తల్లి? తన బిడ్డ కోల్పోయిన ఏండ్లలో ఒక్కటియు తగ్గలేదు కదా యని ఆమె అడిగినచో ఏ న్యాయమూర్తియు బదులు చెప్పలేడు. ఆమె దుఃఖము త్రాసులో ఇమిడునది కాదు. అయినను ఆమెను కోర్టు వెలుపల నిలిపి చేసిన తూకము కూడ, పూర్వపు చట్టమువలెనే, సగము విని పలికిన తీర్పగును.