పొరుగువాని భయముమీద కట్టిన భద్రత

వాక్యభాగము: ఆదికాండము 31:43-55



ఇంటికి తలుపును గడియయు పెట్టుకొనుట పాపము కాదు. నెహెమ్యా దినములలో యెరూషలేము గోడ కట్టినవారు ఒక చేత పని చేయుచు మరియొక చేత ఆయుధము పట్టుకొనిరి. అయితే పొరుగువాడు ఇల్లు విడిచి పారిపోయినగాని మనకు నిద్ర పట్టదనుకొనుట న్యాయమా? ఈ నెల మనము దీనిని ఆలోచింతము.

1991వ సంవత్సరము డిసెంబరులో సోవియట్ యూనియన్ అంతరించి, దానిలోని 15 రిపబ్లిక్కులు స్వతంత్ర రాజ్యములైనవి. వాటిలో ఆర్మేనియా, అజర్‌బైజాన్ అనునవి నల్లసముద్రమునకును కాస్పియన్ సముద్రమునకును నడుమనున్న కాకసస్ పర్వతసీమలోనివి. ఆర్మేనీయులు నాలుగవ శతాబ్దపు ఆరంభమునుండి క్రైస్తవ జనాంగము. అజర్‌బైజానీయులలో అధికులు మహమ్మదీయులు. నాగోర్నో కరబఖ్ అను కొండప్రాంతములో ఆర్మేనీయులే ఎక్కువమంది నివసించుచుండిరి. కాని 1923లో కమ్యూనిస్టు ప్రభుత్వము దానిని అజర్‌బైజానులో ఒక స్వపరిపాలన ప్రాంతముగా నుంచెను. మాస్కో చేయి బలముగా నున్నంతకాలము ఆ తగవు అణగియుండెనే గాని తీరలేదు.

1988లో ఆ ప్రాంతపు సభ తమను ఆర్మేనియాలో కలుపుమని కోరెను. ఆ నెలలోనే అజర్‌బైజానులోని సుమ్‌గాయిత్ పట్టణమున ఆర్మేనీయులు చంపబడిరి. 1992లో ఖోజాలీనుండి పారిపోవుచున్న అజర్‌బైజానీయులు వందలకొలది చంపబడిరి. 1994 మే నెలలో కాల్పులు ఆగునప్పటికి ఆర్మేనీయులు గెలిచి, కరబఖ్‌నే గాక దాని చుట్టునున్న జిల్లాలను గూడ పట్టుకొనిరి. అందలి అజర్‌బైజానీయులు లక్షలకొలది నిరాశ్రయులైరి. అగ్దామ్ పట్టణము నిర్జనమై పాడుదిబ్బయయ్యెను. ఆ ఖాళీ నేలనే గెలిచినవారు తమ భద్రతకు కోటగా ఎంచుకొనిరి.

ఆ కోట 26 ఏండ్లు నిలిచెను. చమురు ధనముతో సైన్యమును పెంచుకొనిన అజర్‌బైజాన్ 2020లో 44 దినముల యుద్ధమువలనను, దానిని ముగించిన ఒడంబడికవలనను ఆ జిల్లాలన్నిటిని తిరిగి పొందెను. రష్యా సైనికులు సుమారు 2,000 మంది కావలికి వచ్చిరి. అయినను 2022 డిసెంబరులో కరబఖ్‌ను ఆర్మేనియాతో కలుపు ఒకే ఒక మార్గము మూయబడెను. 2023 సెప్టెంబరు 19న దాడి జరిగెను. కొద్ది దినములలోనే లక్షకు పైగా ఆర్మేనీయులు ఇండ్లను, దేవాలయములను, పితరుల సమాధులను విడిచి వెడలిపోయిరి. పూర్వము ఒకరు ఏడ్చుచు నడచిన దారిని ఇప్పుడు మరియొకరు నడచిరి.

మనము క్రైస్తవులము గనుక ఆర్మేనీయుల కన్నీటికి మన హృదయము త్వరగా కరగును. అందు తప్పు లేదు. కాని అగ్దామ్ తల్లుల కన్నీటిని మనము లెక్కింపనియెడల మన జాలి పక్షపాతమే. అరణ్యములో హాగరు కుమారుని మొఱ్ఱను గూడ దేవుడు ఆలకించెను గదా!

ఆ చెడు దినములలోనే జరిగిన ఒక సంగతి వినుడి. అజర్‌బైజానులో కెర్కెంజ్ అను ఆర్మేనీయుల గ్రామమును, ఆర్మేనియాలో కిజిల్ షఫగ్ అను అజర్‌బైజానీయుల గ్రామమును ఉండెను. ఇక తమ ఊళ్లలో బ్రదుకజాలమని రెండు గ్రామములవారును గ్రహించిరి. 1989లో వారు ఒకరితో ఒకరు మాటలాడుకొని, రక్తము చిందింపక, గ్రామమునకు గ్రామము మార్చుకొనిరి. వెడలునప్పుడు ఒకరి సమాధులను మరియొకరు కాపాడవలెనని మాట యిచ్చుకొనిరి. కాగితము లేదు, కావలి సైన్యము లేదు. అయినను ఆ మాటను అనేక సంవత్సరములు నిలుపుకొనిరి. పుట్టినయూరు పోగొట్టుకొనుట శ్రమయే. దానిని మేలని మేము చెప్పము. అయితే అవతలివానికి గూడ చనిపోయిన తండ్రి యున్నాడని వారు మరువలేదు.

యాకోబును లాబానును ఒకరినొకరు నమ్మినవారు కారు. ఒకడు రహస్యముగా పారిపోయెను, ఒకడు ఏడు దినములు తరిమెను. అయినను గిలాదు కొండమీద రాళ్లకుప్ప వేసి, కీడు చేయుటకై ఇటువాడు అటును, అటువాడు ఇటును దానిని దాటరాదని ఒడంబడిక చేసికొని, కలిసి భోజనము చేసిరి. ఆ కుప్ప ఇద్దరిని కాపాడినది గనుకనే అది భద్రత.

2024లో ఆర్మేనియా, అజర్‌బైజానులు తమ సరిహద్దులో కొంతభాగమును మాటలచేతనే గుర్తించుకొనినవి. 2025 ఆగస్టులో వాషింగ్టనులో శాంతి ఒడంబడిక పాఠముపై వారి మంత్రులు పొడి సంతకములు చేసిరి. వెళ్లగొట్టబడినవారి దుఃఖము వీటితో తీరలేదు. అయినను కుప్పమీద మొదటి రాళ్లు పడినవని చెప్పవచ్చును.

మన పొలపు గట్లయొద్దను ఇదే పరీక్ష కలదు. పొరుగువాడు లేకపోవలెనని కోరుచున్నామా, వాడును నెమ్మదిగా నిద్రించునట్టి గట్టు వేయుచున్నామా? ఈ నెల ప్రార్థనకూటములలో ఆ రెండు జనములను పేరుపేరున జ్ఞాపకము చేసికొందము. తగవులో నున్న మన పొరుగువానిని గూడ జ్ఞాపకము చేసికొని, వాని గడపకు మనమే ముందుగా వెళ్లుదము. సమాధానకర్తయగు దేవుడు మనకు తోడైయుండును గాక. ఆమేన్.