ఆశ ఎంతవరకు, అబద్ధము ఎక్కడ?



బెంగుళూరు, పూణేలలోని మన యౌవనస్థులు కొందరు ఉద్యోగము విడిచి సొంత సంస్థలు ఆరంభించుచున్నారు. మాకు సంతోషమే. అయితే ఇతరుల సొమ్ము తీసికొనువాడు తన ఆశను ఎంతవరకు చెప్పవచ్చును?

1981లో ఏడుగురు ఇంజనీర్లు పూణేలో ఇన్ఫోసిస్‌ను ఆరంభించిరి. నారాయణమూర్తిగారి భార్య సుధగారు ఇచ్చిన 10,000 రూపాయలే మూలధనము. 1987లో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ పుట్టెను. అదియు వేలమందికి అన్నము పెట్టెను. కాని 2009 జనవరి 7న దాని అధ్యక్షులు రామలింగరాజుగారు, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఉత్తరము వ్రాసిరి. మొదట స్వల్పముగా నున్న తేడా ఏటేటా పెరిగెనని ఒప్పుకొనిరి.

పెట్టుబడిదారులు కొనునది భవిష్యత్తే గదా, కొంచెము ఎక్కువ చెప్పినచో తప్పేమి అని కొందరందురు. మేము చెప్పునది ఇది: రేపటిని గూర్చి ఆశ చెప్పవచ్చును, అది నెరవేరకున్నను దోషము కాదు. నేటి లెక్కను మాత్రము మార్చరాదు. ఆశను నమ్మినవాడు నష్టము రావచ్చునని తెలిసియే ఇచ్చును. తప్పుడు లెక్కను నమ్మినవానికి ఆ తెలివిడియే ఉండదు.

గనుక మొదటి ఏటి నష్టమును దాచక చెప్పుడి. ఆ దినము సిగ్గుపడినను, మరుసటి దినము తల ఎత్తుకొని పని చేయగలరు.