కూలిన గోపురము – నిలిచిన ఋణము

మనుష్యుడు కట్టినది ఎంత దృఢమైనదైనను ఒకనాడు కూలవచ్చును. దానిని మరల కట్టుటయు లోకమునకు క్రొత్త కాదు. కాని అట్లు కట్టబడినది పూర్వపుదేనా, లేక పూర్వపు పేరు ధరించిన వేరొక వస్తువా అన్నది విచారింపదగిన ప్రశ్న.

శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఎత్తించిన ఏడంతస్తుల రాజగోపురము 2010 మే 26వ తేదీ రాత్రి కూలిపోయెను. పగుళ్లు ముందే కనబడుటచే చుట్టుప్రక్కల వారిని తరలించిరి. పిమ్మట అదే చోట క్రొత్త గోపురము లేచి 2017లో ప్రతిష్ఠ పొందెను.

ఇటలీలోని వెనిస్ నగరమున సెయింట్ మార్క్ గంటల గోపురము 1902 జూలై 14వ తేదీ ఉదయము ఇట్లే నేలకూలెను. అక్కడను పగులు ముందుగా హెచ్చరించెను. మనుష్యులెవ్వరును మరణింపలేదు, కావలివాని పిల్లి యొక్కటి చనిపోయినదందురు. జీవదయ గలవారికి అదియు లెక్కలోనిదే. ఆ సాయంకాలమే నగరసభ 5 లక్షల లీరాలు మంజూరు చేసెను. “ఉన్నట్లే, ఉన్నచోటనే” కట్టవలెనని నిశ్చయించి, 1912 ఏప్రిల్ 25వ తేదీన క్రొత్త గోపురమును ప్రారంభించిరి. అయిదు గంటలలో పెద్దది మాత్రమే మిగిలెను. తక్కిన నాలుగింటిని మరల పోతపోసిరి.

చూచుటకు రూపము పూర్వపుదే. కాని పునాదిని విస్తరించిరి. గోపురపు బరువును సుమారు 2,000 టన్నులు తగ్గించిరి. అట్లయిన “ఉన్నట్లే” అనుట అసత్యము కాదా?

ప్రతి వస్తువునందును పుట్టుట, నశించుట, నిలిచియుండుట అను మూడును కలవని జైన దర్శనము చెప్పును. నశించినదేదో, నిలిచినదేదో విడదీసి చెప్పినవాడు అసత్యమాడినవాడు కాడు. మార్పును దాచి పాతదని చెప్పినవాడే దోషి.

వర్తకులకు ఈ సంగతి చోపడాలోనే కనబడును. దీపావళినాడు పాత పుస్తకము మూసి క్రొత్తది తెరతురు. కాగితము క్రొత్తది, సిరా క్రొత్తది. అయినను దుకాణము అదే. ఏలయన పాత నిల్వలు క్రొత్త పుస్తకములోనికి ఎక్కును. రావలసినవి మాత్రము ఎక్కించుకొని, ఈయవలసినవి వదలిన పుస్తకము ఆ దుకాణపుది కానేరదు.

బామ్నిలోనో, సిరొంచాలోనో ఒక ఇల్లు దివాలా తీసి, కొన్నేండ్లకు పాత పేరుతోనే మరల దుకాణము తెరచినదనుకొనుడు. దానికి సరకు అరువీయవచ్చునా? పేరును చూచి ఈయరాదు. పతనమును చూచి కాదనను రాదు. పాత బాకీలను క్రొత్త పుస్తకమున వ్రాసికొనెనా, ఏ పగులు వలన కూలెనో దానిని సరిచేసికొనెనా అని చూడవలెను. ఆ రెండును చేసినవానికి చేయూత నీయకుండుట వివేకము కాదు, కాఠిన్యము. ఆ రెండును చేయనివానికి ఇచ్చుట దయ కాదు. రెండవ పతనమునకు తోడ్పాటు.

గోపురమునకును ఇదే న్యాయము. పూర్వపు కీర్తిని తీసికొన్నది పూర్వపు లోపమును గూడ తన లెక్కలో వ్రాసికొని తీర్పవలెను. అట్లు తీర్చిన కట్టడమే పాత పేరునకు వారసత్వము గలది. ఇంకను కూలని ఇండ్లవారికి మిగిలిన పని సులభమైనది: పగులు సన్నగా నున్నప్పుడే దానిపై సున్నము పూయక, లోపల చూచుట.