నెయ్యి కరగడం ఎవరి గుణం?

వేంపల్లెకు దగ్గర్లో, పాపఘ్ని నది కొండల వరసను చీల్చుకుని బయటపడే చోటు గండి. శ్రావణమాసం శనివారాల్లో అక్కడి వీరాంజనేయస్వామి గుడి జనంతో కిటకిటలాడుతుంది. సీతను వెతుకుతూ వచ్చిన రాముణ్ణి వాయుదేవుడు ఆతిథ్యానికి పిలిచాడనీ, లంక నుంచి తిరిగొచ్చేటప్పుడు స్వాగతంగా రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడనీ స్థలపురాణం. గాలీ నీరూ ఒకే సందులోంచి సాగే ఈ చోట మన తార్కికుల పాత ప్రశ్న ఒకటి తలచుకోదగ్గది. బరువు, పారడం, జిగట అనేవి పదార్థానికి పుట్టుకతో వచ్చినవా, పరిస్థితి తెచ్చిపెట్టినవా?

కణాదుడి వైశేషిక సూత్రాలు 17 గుణాల్ని పేర్కొంటాయి. భాష్యకారుడు ప్రశస్తపాదుడు మరో 7 చేర్చి 24 చేశాడు. చేర్చినవాటిలో గురుత్వం (బరువు), ద్రవత్వం (పారడం), స్నేహం (జిగట) ఉన్నాయి. ధర్మం, అధర్మం కూడా ఉన్నాయి. నీళ్ల పారుడూ మనిషి పుణ్యపాపాలూ ఒకే పట్టికలో! ఇది తికమక కాదు, గొప్ప మేధాసాహసం. లోకంలో ఉన్నది ఏదైనా సరే, ఒకే తర్కం ముందు నిలబడి జవాబు చెప్పాలన్నారు వాళ్లు.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రాసిన తర్కసంగ్రహం నేటికీ తర్కవిద్యార్థి తొలి పుస్తకం. వస్తువు మొదటగా కింద పడటానికి కారణం గురుత్వం, మొదటగా పారడానికి కారణం ద్రవత్వం, పొడి ముద్ద కట్టడానికి కారణం స్నేహం అని అందులో మూడింటినీ విడదీశాడు. ఎంత పదునైన విభజనో నూనె చెబుతుంది. నూనె నీళ్లకంటే ఎన్నో రెట్లు చిక్కన. అయినా లీటరు నూనె తూగేది సుమారు 920 గ్రాములే, అందుకే నీళ్లమీద తేలుతుంది. సాంద్రత వేరు, నేటి శాస్త్రం స్నిగ్ధత అనే చిక్కదనం వేరు.

వేంపల్లె, పులివెందుల ప్రాంతాల్లో తవ్వే ముగ్గురాయి ఈ తేడాను ఇంకా బాగా చూపిస్తుంది. నీటికంటే నాలుగు రెట్లకు మించి బరువైన ఈ రాయిని పిండిచేసి, చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలుపుతారు. భూగర్భం నుంచి తన్నుకొచ్చే చమురునూ వాయువునూ ఆ బురద బరువు అదిమి ఉంచుతుంది. బరువొక్కటే అయితే రాతిపిండి అడుక్కి దిగిపోతుంది. అది దిగకుండా పట్టి ఉంచేది బెంటొనైట్ మట్టి జిగట. రెండు గుణాలు, రెండు ఉద్యోగాలు.

గాలి దగ్గర మాత్రం తార్కికులు పొరబడ్డారు. వాయువుకు గురుత్వం లేదన్నారు. 1643లో టోరిచెల్లి పాదరసపు గొట్టంతో చేసిన ప్రయోగం, గాలి బరువు సుమారు 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెడుతుందని తేల్చింది. ఒక ఘనమీటరు గాలి దాదాపు 1.2 కిలోలు. దీనివల్ల గండి భక్తుడికి పోయేదేమీ లేదు. మారవలసింది పట్టికలో ఒక గడి.

అసలు చిక్కు ద్రవత్వంలో ఉంది. నీటి ద్రవత్వం సహజమనీ, నెయ్యిదీ కరిగిన బంగారానిదీ నైమిత్తికమనీ, అంటే నిప్పు సోకడం వంటి నిమిత్తంతో వచ్చిందనీ వాళ్ల సిద్ధాంతం. మరి వడగళ్లు? నీరే కదా, ఎందుకు పారదు? అదృష్టం, అంటే ప్రాణుల పుణ్యపాపాల శేషం, ఆ ద్రవత్వాన్ని అడ్డుకుందని సిద్ధాంతముక్తావళిలో విశ్వనాథ పంచాననుడి సమాధానం. నీటి స్వభావాన్ని కాపాడటానికి లోకపు పాపపుణ్యాల్నే సాక్ష్యానికి పిలవాల్సి వచ్చిందన్నమాట. సిద్ధాంతం అంత దూరం పరుగెత్తిందంటే మొదటి అడుగే తప్పిందని అనుమానించాలి.

నీటి ద్రవత్వమూ నైమిత్తికమే. శనిగ్రహపు ఉపగ్రహం టైటాన్ మీద సుమారు మైనస్ 179 డిగ్రీల చలిలో నీరు రాయిలా గట్టిపడి ఉంటుంది, మీథేన్ ఏరులై పారుతుంది. 2005లో అక్కడ దిగిన హ్యూగెన్స్ నౌక పంపిన ఫొటోలో కనిపించే గులకరాళ్లు నీటిమంచువేనని శాస్త్రజ్ఞుల అంచనా. అక్కడ ఒక తార్కికుడు పుట్టి ఉంటే సహజద్రవత్వం మీథేన్‌కు ఇచ్చి, నీటిని నెయ్యి పక్కన కూర్చోబెట్టేవాడు. ఆ మాటకొస్తే వేంపల్లె పేరు పెట్టుకున్న అతి ప్రాచీన శిలాశ్రేణిలోనూ ఒకనాడు పారి గడ్డకట్టిన లావా పొరలున్నాయి.

కాలం కూడా ఒక నిమిత్తమే. సుత్తితో కొడితే పగిలే తారును 1927లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో గరాటులో పోసి ఉంచారు. 2014 నాటికి దాన్నుంచి రాలినవి తొమ్మిది చుక్కలు. దేవుని ఎదుట కొండలు పారాయన్న బైబిలు ప్రవక్త్రి దెబోరా గీతం గుర్తొచ్చి, ద్రవానికీ ఘనానికీ మధ్య గీత గీసే కొలతకు శాస్త్రజ్ఞుడు మార్కస్ రైనర్ 1964లో ఆమె పేరే పెట్టాడు. చూసేవాడి ఆయుష్షును బట్టి కొండ ఘనమో ద్రవమో తేలుతుందని ఆయన వాదన.

ఇప్పుడు అదే పట్టికలోని ధర్మం దగ్గరికి రావాలి. ధర్మాధర్మాలు కర్మవల్ల పుడతాయనీ, ఫలమిచ్చి నశిస్తాయనీ వైశేషికం చెబుతుంది. అంటే వాటికీ నిమిత్తం ఉంది. అయినా ప్రశస్తపాదుడు అందరికీ చెందే అహింస, సత్యం వంటి ధర్మాల పక్కన, వర్ణాన్ని బట్టి విడివిడిగా ధర్మాలు లెక్కపెట్టాడు. నెయ్యి కరగడానికి నిప్పును వెతికిన చూపు, మనిషి దగ్గరికి వచ్చేసరికి పుట్టుక దగ్గర ఆగిపోయింది. తర్కసంగ్రహం చదివే విద్యార్థి ద్రవత్వప్రకరణంలో వేసే ప్రశ్నను ధర్మప్రకరణంలోనూ వేయాలి. అలా వేసే హక్కు ఆ పట్టికే ఇస్తోంది. రెండింటినీ ఒకచోట చేర్చింది ప్రశస్తపాదుడే.