కోపానికి కాలపరిమితి

మనిషి మనిషిని చంపిన క్షణాన తన వశంలో వున్నాడా లేడా అని ఇంగ్లండు న్యాయస్థానం విచారిస్తుంది. నిగ్రహం కోల్పోయాడని, చట్టం చెప్పిన తక్కిన షరతులు కూడా వున్నాయని తేలితే, నేరం హత్యనుండి మాన్‌స్లాటర్‌కు దిగుతుంది. హత్యకు యావజ్జీవ శిక్ష తప్పదు. మాన్‌స్లాటర్‌కు ఎంత శిక్ష వేయాలో జడ్జి నిర్ణయిస్తాడు.

ఈ సడలింపు ఎవరి కోపాన్ని చూసి పుట్టింది? 1949లో డఫీ కేసులో జస్టిస్ డెవ్లిన్ చెప్పిన సూత్రం ప్రకారం నిగ్రహం హఠాత్తుగా, తాత్కాలికంగా పోవాలి. చూడటానికి యిది అందరికీ ఒకటే కొలత. కాని అక్కడికక్కడే విరుచుకుపడటం బలవంతునికి సాధ్యం. ఎదురుతిరిగితే తన ప్రాణమే పోతుందని తెలిసిన ఆడది కోపాన్ని దిగమింగుతుంది, ఏళ్లతరబడి మింగుతుంది. ఆ డఫీ కూడా భర్తచేత దెబ్బలుతిన్న స్త్రీయే.

కిరణ్‌జిత్ అహ్లువాలియా పదేళ్లు భర్త హింసను భరించింది. 1989లో ఒక రాత్రి నిద్రపోతున్న అతనిపై పెట్రోలు పోసి నిప్పంటించింది. అతను చనిపోయాడు. ఆలస్యమైన కోపం కోపమే కాదని, అది పథకమని చట్టం భావించింది, హత్యానేరం పడింది. 1992లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది, కాని హఠాత్తు అనే షరతును మాత్రం వదలలేదు. ఆమె తీవ్రమైన మనోవ్యాకులతతో వుండిందన్న వైద్యసాక్ష్యమే ఆమెను కాపాడింది. అనగా, ఆమె బయటపడటానికి ఆమె బాధకు గల కారణం చాలలేదు; ఆమె బుద్ధి చెడిందని రుజువు కావలసివచ్చింది.

2010లో అమలైన కొత్త చట్టం హఠాత్తు అనే మాటను తొలగించింది. తీవ్రమైన దౌర్జన్యం జరుగుతుందన్న భయాన్ని కూడా కారణంగా అంగీకరించింది. భార్య పరపురుషుని పొందిందన్న సాకు దానంతటది చెల్లదన్నది. ఇది నిస్సందేహంగా ముందడుగు. అయితే నిగ్రహం పోయితీరాలన్న షరతు మిగిలింది. అది అక్కరలేదని లా కమిషన్ 2006లోనే సిఫారసు చేసినా, పార్లమెంటు వినలేదు.

షరతు తీసివేస్తే పగతీర్చుకొనేవాడికి అండ దొరకదా అనవచ్చు. పథకం ప్రకారం పగ తీర్చుకొన్నవాడికి ఈ రక్షణ లేదని చట్టంలోనే వేరుగా వ్రాసివుంది. చంపడాన్ని ఎవరూ మెచ్చుకోనక్కరలేదు. కాని భయపడవలసిన పరిస్థితిలో భయపడిన మనిషిని, వివేకం పోయిందని ఒప్పుకుంటేనే కనికరిస్తామనడం న్యాయం కాదు.

మనకూ ఇది పరాయి విషయం కాదు. మెకాలే చేతిమీద రూపొందిన శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చింది. రెచ్చగొట్టడం తీవ్రంగానే గాక ఆకస్మికంగా కూడా వుండాలన్న పాత మాట అందులో అట్లాగే వున్నది.