సర్దుకుపోవడానికి హద్దు ఎక్కడ?



తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు పెద్దలు. ఈ వారం మాత్రం మంచి మనసుతోనే ఒక పెంకుటింటి వాసాల వైపు చూద్దాం.

వాసం ఏటవాలుగా దిగుతుంది. గోడ మీది దూలం మట్టంగా ఉంటుంది. వాసాన్ని ఉన్నది ఉన్నట్టుగా పెడితే దూలం అంచు మీద మాత్రమే ఆనుతుంది. పెంకుల బరువు పడగానే జారజూస్తుంది. భారమంతా మేకుల మీద పడుతుంది. అందుకే వడ్రంగి వాసం అడుగున ఒక గంటు కోస్తాడు. అప్పుడది దూలం మీద కుదురుగా కూర్చుంటుంది. కొంత కోల్పోతేనే వాసానికి కప్పులో స్థానం.

అయితే ఆ గంటు వాసం మందంలో మూడో వంతు దాటకూడదన్నది సాధారణ నియమం. ఎందుకు? విరగకుండా నిలిచే బలం మందాన్ని మందంతో హెచ్చవేసినట్లు మారుతుంది. ఆరు అంగుళాల వాసానికి 36 పాళ్ల బలం అనుకుంటే, రెండు అంగుళాలు కోసినచోట మిగిలేది 16 పాళ్లే. కోసింది మూడో వంతు, పోయింది సగానికి పైగా! కింద దూలం ఆసరా ఉంది కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. ఆసరా లేని నడిమధ్యలో అదే గంటు పెడితే దాని మూల నుంచే చీలిక మొదలవుతుంది.

ఇక మన ఇళ్ల సంగతి. కన్నీళ్లతో వచ్చిన ఆడపడుచులను "సర్దుకుపో తల్లీ" అని చెప్పి పంపిన రోజులు నాకున్నాయి. కొందరు మళ్లీ రాలేదు. సమస్య తీరిందనుకున్నాను. చెప్పుకోవడమే మానేశారని తర్వాత తెలిసింది. ఉలి నా చేతిలోనూ ఉందని అప్పుడు గ్రహించాను.

మరి హద్దు ఎక్కడ? సద్గుణం అతికీ కొరతకూ నడుమ ఉంటుందని అరిస్టాటిల్ బోధించాడు. ఆ నడుమ అందరికీ ఒకే కొలత కాదని కూడా ఆయనే అన్నాడు. కూరలో కారం ఎంత, పండక్కి ఎవరి ఊరు, ఎవరి మాట నెగ్గాలి - ఇలాంటి చోట గంటు పెట్టుకోవచ్చు. దెబ్బలు దాచుకోవడం, అబద్ధానికి సాక్ష్యం పలకడం, కన్నవారి గడపే మరచిపోవడం - ఇవి వాసాన్ని చీల్చే కోతలు. దెబ్బలు భరించడం ఓర్పు కాదు. 2005 నాటి గృహహింస చట్టం ఉన్నది అలాంటి ఇల్లాలి రక్షణకే.

ఇంకొక మాట. ఇంటి కొప్పుకు రెండు వైపులా వాసాలుంటాయి. రెండు వైపులా గంటు ఒకే లోతున ఉండాలి. ఒక వైపే కోస్తూ పోతే కప్పు అటు కుంగుతుంది. కోడలిని సర్దుకోమనే ముందు, భర్తలారా, అత్తమామలారా, మీ గంటు ఎంత లోతో చూసుకోండి. సలహాలు చెప్పే నాబోటి పెద్దలం ఉలి ఎత్తే ముందు కొలబద్ద తీద్దాం.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఒకరినొకరు అడగండి: "నా కోసం నువ్వు ఎంత వదులుకున్నావు?" జవాబు ఎంత కష్టంగా ఉన్నా చివరిదాకా వినండి. ఇంటి మరమ్మతు అక్కడ మొదలవుతుంది.