నేలపట్టులో సాక్షిభావం

పక్షిని పట్టకుండా, పెంచకుండా, దాని నుంచి ఏమీ ఆశించకుండా ఊరికే చూడటం ధర్మాచరణ అనిపించుకుంటుందా? ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద స్నేహంగా ఉండే రెండు పక్షులు కనిపిస్తాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా సాక్షిగా చూస్తూ ఉంటుంది. తినేది జీవుడని, చూసేది కర్మఫలం అంటని ఈశ్వరుడని వేదాంతులు వ్యాఖ్యానించారు. బైనాక్యులర్స్‌తో చెరువు గట్టున నిలబడ్డ మనిషి ఆ రెండో పక్షిలాగే ఉన్నాడని పైకి అనిపిస్తుంది. అది ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి నేలపట్టు కంటే తగిన చోటు తెలుగునేల మీద దొరకడం కష్టం.

నేలపట్టు తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో, పులికాట్ సరస్సుకు దగ్గరలో ఉంది. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. నేలపట్టు చెరువునూ దాని చుట్టూ ఉన్న అడవినీ కలిపి, సుమారు 459 హెక్టార్లను 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండుతుంది. నడుముల్లోతు నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు పుల్లలతో గూళ్లు కడతాయి. పెద్ద పక్షులు పులికాట్ దాకా ఎగిరి వెళ్లి చేపలు తెస్తాయి. పిల్ల తన తలను మెడదాకా తల్లి గొంతుసంచిలోకి దూర్చి మేత అందుకుంటుంది. మొదటిసారి చూసేవారికి తల్లే పిల్లను మింగేస్తోందేమో అనిపిస్తుంది.

ఇక్కడే సాక్షి అన్న మాటకు పరీక్ష ఎదురవుతుంది. ఫొటో కోసం మనిషి నాలుగడుగులు ముందుకు వేస్తే గూటి మీది పక్షి లేచిపోతుంది. కాకి గుడ్డు ఎత్తుకుపోవడానికి ఆ కాసేపు చాలు. మిట్టమధ్యాహ్నం ఎర్రకాళ్ల కొంగ రెక్కలు గొడుగులా పరిచి, బొచ్చు సరిగా రాని పిల్లలకు నీడ పడుతుంది. దాన్ని లేపితే ఎండ నేరుగా పిల్లల మీద పడుతుంది. కాబట్టి ఉపనిషత్తులోని పక్షికి ఉన్న నిర్లిప్తత మనిషి చూపుకు లేదు. చూడటంలో అతనికి దక్కే సంతోషమూ ఒక ఫలమే. దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో అడగాల్సిందే.

జీవకారుణ్యానికి మన ఇళ్లలో బాగా తెలిసిన రూపం మేత పెట్టడం. పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం అదే. హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ లాంటి పేటల వాళ్లకు పావురాలకు గింజలు చల్లడం చిన్నప్పటి నుంచి ఎరిగిన పుణ్యకార్యం. ఆ చేతిలోని దయ నిజమైనదే. అయితే గింజలకు మరిగిన పావురాలు పెరిగిపోతే వాటి రెట్టల వల్ల ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయని వైద్యులు హెచ్చరిస్తున్నారు. పెట్టేవాడికి పుణ్యం వచ్చినంత మాత్రాన పక్షికి మేలు జరిగినట్టు కాదు. గూడబాతుకు ఎవరూ మేత పెట్టనక్కర్లేదు. దానికి కావలసింది నీళ్లు, చేపలు, చెట్టు, బెదరగొట్టని మనుషులు.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే పిల్లల్ని లేపుతాయి. అవి రావడం శుభమని ఊరివాళ్ల నమ్మకం. వాటిని సైబీరియా అతిథులనడం పరిపాటి. కానీ ఆ రెండు జాతులూ ఈ ఉపఖండానివే. అతిథి ధర్మం కింద వాటిని ఆదరించిన ఊరు, అవి విదేశాల నుంచి వచ్చినవి కావని తెలిస్తే ఆదరణ తగ్గించుకోవాలా? అక్కర్లేదు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు అతిథి కంటే ఎక్కువ హక్కే ఉంటుంది. పైగా సరిగా తెలుసుకోవడం కూడా గౌరవంలో భాగమే. 1980లో హైదరాబాదులో ఏర్పడ్డ బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ లాంటి బృందాలు పక్షుల్ని గుర్తుపట్టి, లెక్కించి, రాసిపెట్టడం ఆ అర్థంలో సత్యవ్రతమే.

నేలపట్టు రైతులది మరో బంధం. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని వాళ్లకు అనుభవం. అంటే వాళ్లు ఫలం తింటున్న పక్షి పక్షానే ఉన్నారు, అయినా గూళ్లకు కాపు కాశారు. ఉపనిషత్తు ఆ రెంటినీ స్నేహితులుగా ఒకే చెట్టు మీద కూర్చోబెట్టిన సంగతి ఈ సందర్భంలో మరవకూడదు. పక్షిని కాపాడటానికి వైరాగ్యమే కావాలని లేదు. దానితో కలిసి బతికే బంధం చాలు. శిబి చక్రవర్తి కథలో పావురానికి దక్కింది అభయం, ఆకలిగొన్న డేగ వాదన కూడా ఆయన తోసిపుచ్చలేదు. పక్షిని చూడటాన్ని ధర్మంగా లెక్కించాలంటే అందులో ఉండాల్సింది ఆ అభయమే. నిర్లిప్తత మనిషికి సాధ్యం కాకపోవచ్చు గానీ, అభయం ఇవ్వడం అతని చేతిలోనే ఉంది.

నేలపట్టుకు దగ్గరలోని సూళ్లూరుపేట కేంద్రంగా 2001 నుంచి జరుగుతున్న ఫ్లెమింగో పండుగకు జనం తండోపతండాలుగా వస్తారు. ఆ పండుగ ఎక్కువగా జనవరిలో, అంటే నేలపట్టు గూళ్లలో పిల్లలుండే రోజుల్లో వస్తుంది. చూడాలనే కోరిక తప్పేమీ కాదు. మైకులు, డ్రోన్లు గూళ్లకు దూరంగా ఉంచడం, వాచ్‌టవర్ మీద నుంచే చూడటం, పక్షి మెడ నిక్కించి కలవరపడగానే వెనక్కి తగ్గడం ఇక్కడ నిత్యానుష్ఠానం కిందే లెక్క.